పెద్దోడి ముస్తాబు

నవంబర్ 18, సోమవారం

మా ఆయన కాలికి కట్టు వేసి ఇంటికి పంపారు. మోకాలి కింద ఎముక విరిగింది. సంక్రాంతి దగ్గరపడే దాకా కాలు నేల మీద పెట్టొద్దని సూర్యాపేట డాక్టరు చెప్పాడు. కాలువ కట్ట మీద బండి జారిందని చెబితే నడిగూడెంలో ఎవరూ నమ్మడం లేదు. "గుర్రం తన్నిందా?" అనే అడుగుతున్నారు. గుర్రం ఉన్న ఇంట్లో ఏది విరిగినా గుర్రం ఖాతాలోనే పడుతుంది.

మా గుర్రం పెద్దోడు ఆ సమయంలో కొట్టంలో ఉలవలు తింటున్నాడు.

నవంబర్ 21

సురేందర్ వచ్చాడు. ఆయన తమ్ముడు. మిర్యాలగూడలో బ్యాండు మేళం, షామియానాలు, లైట్లు అతని వ్యాపారం. అన్న కాలు చూశాడు. తర్వాత కొట్టంలోకి పోయి పెద్దోడిని చూశాడు. అక్కడే ఎక్కువసేపు ఉన్నాడు.

"వదినె, అన్న ఇగ గుర్రం పట్టుకొని పెళ్లి బారాత్‌లకు తిరగలేడు. గుర్రం గీడ కట్టేసి ఉండి ఏం జేస్తది? మాఘమాసం పెళ్లిళ్లకు నాకియ్యుండ్రి."

మంచం మీద నుంచి ఆయన అన్నారు. "దానితోని వేరే పని అనుకున్న."

"ఏం పని?"

ఆయన నా వైపు చూసి, "నువ్వు లోపలికి పో" అన్నారు.

పోయాను. మా వంటింట్లోకి అన్నీ వినబడతాయి. ఆడగుర్రాలున్నవాళ్లు వాటిని చూడి కట్టించే దాటు కోసం మార్వాడి జాతి మగగుర్రాన్ని వెతుక్కుంటూ హైదరాబాద్ దాకా పోతున్నారట. ఈ చుట్టుపక్కల ఊళ్లలో కాగితాలున్న మగగుర్రం మాదొక్కటే.

సురేందర్ నవ్వాడు. "బారాత్‌ల ఆడే గుర్రం అన్నా గది. గా పని అయితదా?"

"మాఘమాసం లోపు తేలకుంటే తోలుకపో" అన్నారు ఆయన.

నన్నెవరూ అడగలేదు. రెండేళ్లుగా వాడికి నీళ్లు పెట్టేది, ఒళ్లు తోమేది, డెక్కల్లో రాళ్లు తీసేది నేను. రాస్తున్నానంతే. అడగాలని కాదు.

నవంబర్ 24

ప్రత్యూషను సెల్లులో ప్రకటన పెట్టమన్నారు ఆయన. అది కోదాడలో మందుల షాపులో పనిచేస్తుంది. కూతురికి ఆ మాట చెప్పలేక, "గుర్రం ఉంది, సంప్రదించండి అని రాయి బిడ్డా" అన్నారు.

"ఎందుకు సంప్రదించాలె నాన్నా?"

"అదే... కావాల్సినోళ్లకు తెలుస్తది."

"దాటు ఇవ్వబడును అని రాసిన. నేను చదివింది ఫార్మసీ, పారాయణం కాదు."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఫోటో బాగా వచ్చింది. పెద్దోడు ఎర్ర కంకర రంగు, నుదుటి మీద తెల్ల మచ్చ. చెవుల కొసలు పైన ఒకదానికొకటి తగులుతాయి. కాగితంలో పేరు రణధీర్. దాని కింద తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు కూడా ఉన్నాయి. మా ఇంట్లో ముత్తాత పేరు తెలిసినవాడు వాడొక్కడే.

డిసెంబర్ 4

పెరట్లో రెండు గుంజలు పాతించి, మధ్యలో అడ్డంగా వెదురు బొంగు కట్టించారు. ఆడగుర్రాన్ని ఇవతల, మగగుర్రాన్ని అవతల నిలబెడతారట. ముందు ఒకదాన్నొకటి చూసుకోవాలట. ఇష్టం కుదిరితే బొంగు తీస్తారు. మా పెళ్లిచూపుల్లో ఇంత ఏర్పాటు లేదు.

డిసెంబర్ 8, ఆదివారం

సూర్యాపేట నుంచి నగేష్ తన చాందినిని తెచ్చాడు. పెళ్లిళ్లకు తిప్పే తెల్ల గుర్రం. దాని పిల్ల మార్వాడి చెవులతో పుట్టాలని అతని కోరిక.

అంత దూరం నుంచి వచ్చేవాడు చూస్తాడని పొద్దున్నే లేచి పెద్దోడిని ముస్తాబు చేశాను. వీపు మీద కప్పే ఎర్ర మఖమల్ జూలు, అద్దాల పట్టీ, తల మీద తురాయి, కాళ్లకు గజ్జెలు, మెడలో మువ్వల దండ. నుదుటి మచ్చ కింద కుంకుమ బొట్టు. బారాత్‌కు పోయినప్పుడు కూడా ఇంత బాగా కట్టలేదు. నగేష్ చూసి, "అక్కా, పెళ్లికొడుకును చేసినవు గద!" అన్నాడు.

చేసిన తర్వాత నన్ను లోపలికి పొమ్మన్నారు. ఆ పని జరిగేటప్పుడు ఆడవాళ్లు పెరట్లో ఉండరు. మా అత్త కాలంలో బర్రెలకైనా అంతే. తలుపు వేసి, టీవీ సౌండు పెంచుకోవాలి.

టీవీ మీదుగా గజ్జెలు గట్టిగా మోగాయి. చాలాసేపు మోగాయి. మంచిదనుకుని పాయసానికి పాలు పెట్టాను.

తలుపు తీసేసరికి నగేష్ గుర్రాన్ని ట్రాలీ ఎక్కిస్తున్నాడు. ఆయన కుర్చీలో కూర్చుని ఎటో చూస్తున్నారు.

"అయ్యిందా?" అన్నాను.

"కాలే."

పాయసం ప్రత్యూష తాగింది.

డిసెంబర్ 9

దిష్టి అంటున్నారు ఆయన. ఊరంతా ఫోటో చూసింది గదా అని. పెద్దోడి మెడకు నల్లతాడు, దానికి నిమ్మకాయ, ఎండుమిరపకాయలు కట్టించారు. మిరపకాయలు తినేశాడు.

డిసెంబర్ 17

జగ్గయ్యపేట వైపు నుంచి ఒకరు నల్ల గుర్రాన్ని తెచ్చారు. ఆంధ్ర వాళ్లు. "మీ గుర్రం చాలా బాగుందండీ, చెవులే చెవులు" అన్నారు. నేను నిన్న గజ్జెలకు కొత్త పట్టీలు కుట్టాను. తురాయి కూడా మార్చాను.

కాలేదు.

వెళ్లేటప్పుడు ఆ మాట అనలేక, "ఇంకోసారి వస్తామండీ" అన్నారు. రారు.

డిసెంబర్ 18

ఉలవలు తగ్గించి శనగలు పెంచాము. బెల్లం కూడా. పెద్దోడు సంతోషంగా ఉన్నాడు. వాడి తప్పేమీ ఉన్నట్టు వాడికి తెలియదు. ఒళ్లు తోముతుంటే కళ్లు మూసుకుని గడ్డం నా భుజం మీద పెడతాడు. బరువు.

డిసెంబర్ 29

నగేష్ మళ్లీ వచ్చాడు. చాందిని మళ్లీ ఎదకు వచ్చిందట. ఈసారి ఇంకా బాగా చేశాను. నిమ్మకాయలు రెండు. గవ్వల దండ కోదాడ నుంచి ప్రత్యూష తెచ్చింది.

గజ్జెలు మోగాయి. ఈసారి పాలు పెట్టలేదు.

నగేష్ ఆయనతో అంటున్న మాటలు వినబడ్డాయి. "జానన్నా, ఏమనుకోకు. మీదాంట్ల మగతనం లేదే. సూస్తది, ముందుకు రాదు. కాళ్లు లేపుకుంట గాడనే నిలబడ్తది."

"మార్వాడి గుర్రంరా అది."

"మార్వాడే. కానీ సన్యాసి."

డిసెంబర్ 30

సురేందర్ ఫోను. నగేష్ చెప్పినట్టున్నాడు. నాతోనే మాట్లాడాడు.

"వదినె, అన్నకు జర నచ్చజెప్పు. నాకాడ అయితే మంచిగ మేపుతా. వారానికి రెండు పెళ్లిళ్లు. మనోళ్ల దగ్గరనే ఉంటది."

ఉంటది. సురేందర్ చెడ్డవాడు కాదు. ఆ బ్యాండు, ఆ పటాకులు, ఆ ట్రాఫిక్కు మధ్యలో పెద్దోడు రాత్రిళ్లు నిలబడటం నేను చూశాను. ఇంటికి వచ్చాక తెల్లవారే దాకా నీళ్లు కూడా ముట్టేవాడు కాదు. అది సురేందర్‌కు చెప్పలేదు. చెబితే మా ఆయన్ను అన్నట్టవుతుంది.

"సరే" అన్నాను.

జనవరి 1

కొత్త సంవత్సరం కేకు ప్రత్యూష తెచ్చింది. పెద్దోడికి కొంచెం పెట్టింది. మీసాలకు క్రీము.

జనవరి 6, సోమవారం

ఈ రోజు సంగతి పొద్దున నుంచి రాయాలి.

కాలి కట్టు విప్పించడానికి సురేందర్ కారులో ఆయన్ను సూర్యాపేట తీసుకుపోయాడు. ప్రత్యూష షాపుకు పోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే. మాఘమాసం దగ్గరికి వస్తోంది, సురేందర్‌కు ఇచ్చేటప్పుడు మురికి సామాను ఇవ్వకూడదని జూలు, పట్టీలు అన్నీ ఉతికి గోడ మీద ఆరేశాను. గజ్జెలు చింతపండు నీళ్లలో వేశాను. నల్లతాడు, నిమ్మకాయలు, గవ్వలు కూడా తీసి పెద్దోడికి తలస్నానం చేయించాను. వాడు ఒట్టి పగ్గంతో ఎండలో నిలబడి ఉన్నాడు.

అప్పుడు ట్రాలీ వచ్చింది. మేళ్లచెరువు నుంచి భద్రు, అతని భార్య రంగి. భద్రు సిమెంటు ఫ్యాక్టరీ లారీ నడుపుతాడు. ప్రకటన చూసి ఆయనతో ఫోనులో మాట్లాడాడు కానీ ఎప్పుడొచ్చేది చెప్పలేదు. ట్రాలీలో వాళ్ల గుర్రం మల్లి. పొట్టిది, గోధుమ రంగు, కాగితాలు గీగితాలు లేనిది. దాని మొఖం మాత్రం బాగుంది.

"ఇంట్ల మగోళ్లు లేరు. రేపు రాండ్రి" అన్నాను.

"రేపు నాకు లోడు ఉందమ్మా" అన్నాడు భద్రు. "విశాఖపట్నం. మళ్లొచ్చేసరికి దీని ఎద పోతది."

"మగోళ్లు లేకుంటే ఎట్ల మరి?"

రంగి పెద్దోడి వైపు చూసింది. "ఆ మగోడు ఉంటే సాలు గద అక్కా."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

"ఆడోళ్లం చూడొద్దంటరు" అన్నాను.

"గుర్రాలకు తెల్వదులే" అంది రంగి. అప్పటికే మల్లి తోకకు గుడ్డ చుడుతూ ఉంది.

ముస్తాబు చేద్దామంటే సామానంతా తడి. వచ్చినవాళ్లకు అట్లా ఒట్టిగా చూపించాల్సి వచ్చిందే అని సిగ్గుపడ్డాను. భద్రు మల్లిని బొంగుకు ఇవతల నిలబెట్టాడు. నేను పగ్గం పట్టి పెద్దోడిని తీసుకొచ్చాను.

పెద్దోడు సకిలించాడు. రెండేళ్లలో వాడి గొంతు అంత గట్టిగా వినడం ఇదే. కొట్టం రేకులు అదిరాయి. మల్లి కదలకుండా నిలబడి చెవులు వెనక్కి, ముందుకి తిప్పింది. రంగి బొంగు తీసింది.

ఇక రాయను. పగ్గం మాత్రం వదల్లేదు. అరచేయి కమిలింది. టీ కాచినంత సేపు కూడా పట్టలేదు.

అయిపోయాక పెద్దోడు దిగి, తల దించి, నేల వాసన చూశాడు. కొత్త ఊరికి వచ్చినవాడిలా ఉన్నాడు.

"చూడి నిలవాలంటే ఎల్లుండి ఇంకోపాలి తేవాలె, తెచ్చే వీలు లేదు" అన్నాడు భద్రు. "మల్లి అదృష్టం."

"మూడు వారాలకు మళ్లొస్తం అక్కా" అంది రంగి. "అప్పుడు సూద్దాం, రానిస్తదో తంతదో."

చూడి నిలిచిన గుర్రం మగదాన్ని దగ్గరికి రానీయదు, తన్ని తరుముతుంది. నిలవకపోతే ఊరుకుంటుంది. అదీ పరీక్ష.

ఆయన మధ్యాహ్నం వచ్చారు, చేతికర్రతో. చెప్పాను.

"అయ్యిందా! ఎవరు పట్టుకున్నరు?"

"భద్రు."

భద్రు ఒక్కడే రెండు గుర్రాలను ఎట్లా పట్టుకున్నాడని ఆయన అడగలేదు. నా చేతికి పసుపు ఎందుకుందని కూడా అడగలేదు.

జనవరి 7

సురేందర్ అంటున్నాడు, "దాటితే అయిందా అన్నా, నిలవాలె గద. ఒక్కపాలికే నిలుస్తదా? నిలిస్తే నేను మల్ల అడగ. నిలవకుంటే గుర్రం నాది."

ఆయన ఒప్పుకున్నారు. భద్రు మల్లిని తెచ్చే రోజుకు సురేందర్ కూడా బండి తీసుకుని వస్తాడు. అటో ఇటో ఆ రోజే.

జనవరి 9

ఎందుకయిందో ఆలోచిస్తున్నాను. శనగల వల్ల కావచ్చు. దిష్టి పోయి ఉండొచ్చు. లేదా మల్లి నచ్చి ఉంటుంది. చాందిని అందమే కానీ గర్వం.

నేను దగ్గర ఉండటం వల్లనేమో. రాసి కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

జనవరి 14

పండుగ. సకినాలు కొన్ని మాడాయి.

జనవరి 19, ఆదివారం

నగేష్ మూడోసారి వచ్చాడు. మల్లి సంగతి విని వచ్చాడు. "ఊరి గుర్రానికి దాటిందంట, మా చాందిని ఏం పాపం జేసింది" అన్నాడు.

ఉతికిన సామాను తీశాను. గజ్జెలు బంగారంలా మెరుస్తున్నాయి. జూలు రంగు దిగలేదు. అన్నీ కట్టాను. ఈసారి ఆయన కర్ర పట్టుకుని పెరట్లోనే నిలబడ్డారు. నేను లోపలికి పోయాను.

టీవీ పెట్టలేదు. ప్రత్యూష తలస్నానానికి పోయింది, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. తలుపు దగ్గర నిలబడి విన్నాను.

గజ్జెలు మోగడం మొదలైంది. ఝల్లు, ఝల్లు, ఆగి, ఝల్లు. మళ్లీ అదే. ఆ మోత నాకు తెలుసు. ఏదో పరుగు కాదు, తొందర కాదు. బ్యాండు లేకుండా బారాత్ నడుస్తున్నట్టుంది.

తలుపు తీశాను.

పెద్దోడు బొంగు దగ్గర ఆడుతున్నాడు. మెడ వంచి, ముందు కాలు ఎత్తి పెట్టి, రెండో కాలు ఎత్తి పెట్టి. చాందిని వైపు ఒక్క చూపు లేదు. ఎవరో పెళ్లికొడుకు వీపు మీద ఉన్నట్టు ఒళ్లు జాగ్రత్తగా పెట్టుకుని ఆడుతున్నాడు.

"నువ్వెందుకొచ్చినవ్? లోపలికి పో" అన్నారు ఆయన.

నేను బొంగు దగ్గరికి నడిచాను. నగేష్ మొఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను వంగి పెద్దోడి కాలి గజ్జెలు విప్పడం మొదలుపెట్టాను.

"ఏం జేస్తున్నవే?"

"ఇవి కట్టుకున్నంక ఆడగుర్రాన్ని సూసి సకిలిస్తే ఏం జేసేటోనివి?"

ఒక కాలి గజ్జెలు విప్పి పక్కన పెట్టాను.

"సూర్యాపేట పెళ్లిల ఇంకో గుర్రం ఎదురొస్తే ఏం జేసినవ్?"

"మూతి మీద కొట్టిన" అన్నారు ఆయన మెల్లగా.

"మరి ఇయ్యాల కొడతవా కొట్టవా వానికెట్ల తెలుస్తది?"

రెండో కాలు గజ్జెలు విప్పాను. తురాయి తీశాను. జూలు లాగి ఆయన భుజం మీద వేశాను. మువ్వలు, గవ్వలు, అద్దాలు, నిమ్మకాయలు. నగేష్ మొఖం ఇటు తిప్పి చూస్తున్నాడు. "అక్కా, బొట్టు గూడ" అన్నాడు. కొంగుతో తుడిచాను.

పెద్దోడు ఆట ఆపాడు. ఒళ్లు దులుపుకున్నాడు. మెడ పొడుగు చేసి చాందిని వైపు గాలి పీల్చాడు, పై పెదవి ముడిచాడు. అప్పుడు సకిలించాడు.

"వామ్మో" అన్నాడు నగేష్.

ఆయన ఒక చేతిలో కర్ర, ఒక భుజం మీద జూలు. పగ్గం పట్టే చెయ్యి లేదు. నేను పట్టుకున్నాను. ఈసారి అరచేయికి గుడ్డ చుట్టుకున్నాను.

అయిన తర్వాత నగేష్ చాలాసేపు నవ్వాడు. "సన్యాసి కాదే జానన్నా, డ్యూటీ మీద ఉన్నడు!"

ఆయన కుర్చీలో కూర్చుని పెద్దోడిని దగ్గరికి తెమ్మన్నారు. తెచ్చాను. మూతి మీద అరచెయ్యి పెట్టి అట్లాగే ఉంచారు. పెద్దోడు మొదట వెనక్కి తగ్గాడు. తర్వాత ఊరుకున్నాడు.

ప్రతిసారీ ముస్తాబు చేసింది ఎవరో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

జనవరి 20

నల్లా దగ్గర ఆడవాళ్లు చుట్టుకున్నారు.

"దగ్గరుండి సూసినవంట?"

"సూసిన."

"సిగ్గనిపియ్యలే?"

"పగ్గం పట్టుకున్నంక ఎక్కడి సిగ్గు. కాలు తొక్కుతదేమో అని సూసుకునుడే సరిపోయింది."

బిందె నిండింది. వచ్చేశాను.

జనవరి 22

జగ్గయ్యపేట వాళ్లకు ఆయనే ఫోను చేశారు. గుర్రానికి జరిగిందేమిటో చెప్పడానికి మొహమాటపడి, "మాదే పొరపాటండీ, అలవాటు తప్పింది" అన్నారు. వాళ్లకేమర్థమయిందో తెలియదు. ఎదకు వచ్చినప్పుడు తీసుకొస్తామన్నారట.

ఆయన కర్ర లేకుండా కొట్టం దాకా నడిచారు.

జనవరి 24

ఒప్పందం మారదు అంటున్నాడు సురేందర్. చాందినికి దాటినా సరే, మల్లికి నిలవాలి అంటున్నాడు. "దాటుడు వేరు, గింజ ఉండుడు వేరు" అని ఫోనులో అన్నాడట. నిజమే. అందులో తప్పు పట్టడానికి లేదు. మిర్యాలగూడలో మాఘమాసానికి అతను ఒప్పుకున్న పెళ్లిళ్లు చాలా ఉన్నాయి, గుర్రం లేదు. అతని ఇబ్బంది అతనిది.

మల్లిని ఒక్కసారే దాటించాము. రెండోసారి తేలేదు. దాని గురించే ఆలోచన.

జనవరి 26

వంకాయ కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఇద్దరూ మాట్లాడకుండా తిన్నారు.

జనవరి 27, సోమవారం

సురేందర్ ముందే వచ్చాడు. కిరాయికి డీసీఎం వ్యాను తెచ్చాడు. వెనక గడ్డి పరిచి, పక్కలకు గోనె సంచులు కట్టించాడు. గుర్రానికి దెబ్బ తగలకూడదని. అట్లాంటి విషయాల్లో మంచివాడు.

భద్రు, రంగి తర్వాత వచ్చారు. వాళ్ల బావమరిది ట్రాలీలో దింపి, కోదాడలో పనుందని వెళ్లిపోయాడు. మల్లి దిగగానే మా జొన్న చొప్ప తినడం మొదలుపెట్టింది.

"ఒళ్లు చేసిందే" అన్నాను.

"తింటున్నదక్కా" అంది రంగి. "గానీ తిండికేముంది, ఎప్పుడైనా తింటది అది."

పెరట్లో అందరం నిలబడ్డాం. ప్రత్యూష సెలవు పెట్టి ఉంది. లోపలికి పొమ్మని ఎవరూ అనలేదు. పెద్దోడి పగ్గం ఎవరు పడతారని భద్రు అడిగితే, "ఆమెనే" అన్నారు ఆయన.

ఒట్టి పగ్గంతో తెచ్చాను. వాడు మల్లిని గుర్తుపట్టాడు. గుర్తుపట్టాడనే అనుకుంటున్నాను. చిన్నగా గుర్రుమన్నాడు. బొంగు మీదుగా మెడ చాపాడు.

మల్లి కదల్లేదు.

తోక అట్లాగే ఉంది. చెవులు అట్లాగే ఉన్నాయి. చొప్ప నములుతూ నిలబడింది. రానిస్తున్నట్టే ఉంది. పెద్దోడు దాని మెడ వాసన చూశాడు. వీపు వాసన చూశాడు.

సురేందర్ తల తిప్పి డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు డీసీఎం వెనక తలుపు గొలుసు తీయడానికి వెళ్లాడు. ఆ చప్పుడు వినబడింది. నేను పగ్గం ఇంకో చుట్టు చుట్టుకున్నాను. అది ఎందుకో నాకు తెలియదు, వాడు లాగడం లేదు.

పెద్దోడు ఇంకో అడుగు ముందుకేసి మల్లి తోక దగ్గర ముక్కు పెట్టాడు.

మల్లి కీచుమని అరిచింది. చెవులు మెడకు అంటుకుపోయాయి. గిర్రున తిరిగి రెండు వెనక కాళ్లూ ఎత్తి కొట్టింది. బొంగు రెండు ముక్కలైంది. ఒక డెక్క పెద్దోడి ఛాతీకి తగిలి ఢాం అని మోగింది. వాడు వెనక్కి వచ్చి నా మీద పడబోయాడు.

"కొట్టింది!" అని అరిచాడు భద్రు.

"ఇంకోటి కొట్టు మల్లీ!" అంది రంగి.

మల్లి ఇంకోటి కొట్టింది. అది గాలికి పోయింది. ప్రత్యూష చప్పట్లు కొట్టింది. తన్నులు తిన్నది మా వాడు, నవ్వుతున్నది మేము. వాడు మా అందరినీ ఒక్కొక్కరినీ చూశాడు.

"తన్నినంత మాత్రాన ఏంది?" అన్నాడు సురేందర్. "డాక్టరు చెయ్యి పెట్టి చూసేదాక నేను నమ్మ."

"డాక్టరు వచ్చే నెల చూస్తడు" అన్నారు ఆయన. "నువ్వు నమ్మకుంటే ఏమాయె. మల్లి నమ్మింది."

"అన్నా, నా పెళ్లిళ్లు?"

"నగేష్‌కు మూడు తెల్ల గుర్రాలు ఉన్నయి. నేను మాట్లాడుతా. ఇది ఇగ బారాత్‌కు పోదు."

ఆ మాట ఆయన నా వైపు చూడకుండా అన్నారు. సురేందర్ కొంచెంసేపు నేల మీది బొంగు ముక్కను కాలితో దొర్లించాడు. తర్వాత, "సరే తియ్, అన్నం పెట్టు వదినె" అన్నాడు. మాట మీద నిలబడ్డాడు. అది రాయాలి.

తిన్న తర్వాత సురేందరే అన్నాడు. "భద్రూ, మీ బావమరిది ట్రాలీ ఎప్పుడొస్తదో. గా డొక్కు బండిల కుదుపులకు ఉన్నది పోతది. నాది ఉత్తగనే పోతది గద. ఎక్కియ్యి."

పెద్దోడి కోసం పరిచిన గడ్డి మీద మల్లి ఎక్కింది. గోనె సంచులు వాసన చూసి ఒకటి నమలడం మొదలుపెట్టింది. రంగి దాని పక్కనే వెనక కూర్చుంది, ముందు కూర్చోమన్నా కూర్చోలేదు. మేళ్లచెరువు మీదుగా మిర్యాలగూడ చుట్టు అయినా సురేందర్ ఏమనలేదు. మెల్లగా పోనియ్యి అని డ్రైవరుకు రెండుసార్లు చెప్పాడు.

వాళ్లు వెళ్లాక పెద్దోడి ఛాతీ చూశాను. వాపు ఉంది, ఎముకకు ఏం కాలేదు. పసుపు, సున్నం వేడి చేసి పట్టు వేశాను. పెట్టనిచ్చాడు. ఉలవలు మాత్రం ముట్టలేదు, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"అలిగిండు" అన్నారు ఆయన. "పిలుద్దామా వద్దా?"

"వద్దు."

పొద్దున తింటాడు. ఎక్కడికి పోతాడు.